తెల్లవారుజామున మొరాయించే లారీ

డీజిల్ ఇంజిన్‌లో నిప్పు పెట్టే భాగమంటూ ఏదీ లేదు. పెట్రోలు ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉంది. దీనికి ఉన్నది గాలి ఒక్కటే. పిస్టన్ పైకి వస్తూ ఆ గాలిని ఇంచుమించు పదిహేడో వంతుకు నొక్కుతుంది. నొక్కుడుకు గాలి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్ముతుంది, అది తనంతట తానే అంటుకుంటుంది. సైకిలుకు గాలి కొడుతుంటే పంపు అడుగు భాగం చేతికి వెచ్చగా తగులుతుంది కదా, అదే వేడి. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజిన్ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడింది. పాత లారీ తెల్లవారుజామున స్టార్ట్ కాకపోతే వెతకవలసినవి కూడా అందుకే రెండే: గాలి చాలినంత వేడెక్కిందా, ఆ వేళకు డీజిల్ అక్కడికి చేరిందా.

లెక్క వేస్తే సంగతి తేటపడుతుంది. మే నెలలో 35 డిగ్రీల సెల్సియస్ గాలిని పదిహేడో వంతుకు నొక్కితే, వేడి పెద్దగా బయటికి పోలేదనుకుంటే, అది 550 డిగ్రీల దాకా ఎక్కుతుంది. జనవరిలో 5 డిగ్రీల గాలిని అంతే నొక్కితే 475 దగ్గర ఆగుతుంది. బయటి 30 డిగ్రీల తేడా లోపలికి వెళ్లేసరికి 75 అయింది. అయినా 475 తక్కువేమీ కాదు. బయట మామూలు గాలిలోనైతే డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 250 డిగ్రీల లోపే చాలు. మరి బండి ఎందుకు మొరాయిస్తుంది? గాలి ఎక్కడా కారదని, వేడి ఇనుములోకి పెద్దగా పోదని అనుకుని వేసిన లెక్క అది. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను నిమిషానికి 150 చుట్లు తిప్పితే పిస్టన్ కింది నుంచి పైకి రావడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. 75 చుట్లే తిప్పగలిగితే దానికి రెట్టింపు. ఆ అదనపు సమయమంతా వేడి చల్లటి సిలిండరు గోడల్లోకి పోతూ ఉంటుంది, గాలి రింగుల సందుల్లోంచి కిందికి జారుతూ ఉంటుంది. ఆ 475 కాస్తా 300కు పడిపోవచ్చు. అంకెలో 300 చాలినట్టే కనిపిస్తుంది కానీ, తుంపర ఆవిరై, గాలితో కలిసి, రాజుకోవడానికి దొరికే గడువు పిస్టన్ పైన ఉన్న ఆ కాసేపే. ఆ గడువు లోపల 300 డిగ్రీలు పని చేయకపోవచ్చు. డీజిల్ అంటుకోకుండానే తెల్లటి పొగై సైలెన్సర్లోంచి పోతుంది.

ఈ రచనకు తీసుకున్న బండి టాటా 1210 తరం లారీ: ఆరు సిలిండర్ల 697 ఇంజిన్, పక్కన ఆరు ఎలిమెంట్ల వరుస పంపు. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టారు, ఈ ఇంజిన్ వంశం అక్కడిదే. పంపు 1951లో పుట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీది. ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా షెడ్లలో అది ఇప్పటికీ మైకో పంపే. సెన్సార్లు లేవు, కంప్యూటర్ లేదు, స్కానర్ తగిలించి చూడటానికి ఏమీ లేదు. డీజిల్ నేరుగా పిస్టన్ తల మీది గుంటలోకి చిమ్మే రకం కాబట్టి, వేరే గదిలో మండించే పాత జీపు ఇంజిన్లలో మాదిరి హీటర్ ప్లగ్గులు కూడా ఉండవు. రోగం కనిపెట్టడానికి కన్ను, చెవి, ముక్కు, ఒక వోల్ట్ మీటర్, కొన్ని స్పానర్లు చాలు. ఇది పాత బండి లోపమని కొందరు అంటారు కానీ, సౌకర్యమనడమే న్యాయం. ఇందులో తెరిచి చూడలేని భాగం లేదు.

అన్నిటికంటే ముందు చలిని అనుమానించాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది. విజయవాడ, కాకినాడ లాంటి చోట్ల ఎంత చలి అన్నా పదిహేను డిగ్రీలకు అటూఇటూనే. ఆ మాత్రం చలికి ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అయినా కోస్తాలో కూడా లారీ పొద్దున మొరాయిస్తే అందరూ చలి మీదే నెడతారు. నిజానికి తెల్లవారుజామున మూడు సంగతులు ఒకేసారి కలుస్తాయి. ఒకటి చలి. రెండోది, బండి రాత్రంతా కదలకుండా నిలబడి ఉండటం. మూడోది ఇంజిన్ వయసు. మూడూ బయటికి ఒకే రకంగా కనిపిస్తాయి, వైద్యం మాత్రం మూడింటికీ వేరు. వాటిని విడదీయడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఎండాకాలంలో ఎనిమిది తొమ్మిది గంటలు నిలిపి ఉంచి, మిట్టమధ్యాహ్నం స్టార్ట్ చేసి చూడాలి. అప్పుడూ అంతే సతాయిస్తే తప్పు చలిది కాదు, నిలబడటానిది. రాత్రిపూట డీజిల్ లైనులోంచి వెనక్కి జారిపోతోందన్నమాట. ఎండలో సునాయాసంగా అందుకుని, చలిలో మాత్రమే మొండికేస్తే బ్యాటరీ, ఆయిల్, కంప్రెషన్ వైపు చూడాలి. ఈ ఒక్క విభజన చేసుకోకుండా పంపు విప్పించిన యజమానులు పంపు రిపేరుకు డబ్బు పోసి, మర్నాడు పొద్దున మళ్లీ బండిని తోయించుకుంటారు.

వరుసలో మొదటి పరీక్ష చెవిది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ చురుగ్గా, సమంగా తిరుగుతోందా, ఈడ్చుకుంటూ తిరుగుతోందా? ఈడుస్తుంటే డీజిల్ సంగతి తర్వాత, ముందు కరెంటు సంగతి. సీసం, ఆమ్లం బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర ఇచ్చే సామర్థ్యంలో సున్నా డిగ్రీల దగ్గర ఇంచుమించు 80 శాతమే ఇస్తుంది. అదే చలిలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ బలం అడుగుతుంది. ఇచ్చేది తగ్గి అడిగేది పెరిగే ఆ వేళలోనే, వేసవి పొడవునా కనపడకుండా నెట్టుకొచ్చిన అరిగిన బ్యాటరీ బయటపడుతుంది. కదలకుండా ఉన్నప్పుడు 12 వోల్టుల బ్యాటరీ పూర్తి ఛార్జిలో 12.6 దాకా చూపాలి. 12 దగ్గర ఉంటే ఖాళీ అయినట్టే లెక్క. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 కంటే కిందికి పడిపోతే ఛార్జి ఎక్కించి మళ్లీ చూడాలి, అప్పటికీ అంతే అయితే బ్యాటరీ పని అయిపోయింది. హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లూ చూడటం పాత పద్ధతే అయినా ఇప్పటికీ మంచిది: ఐదు సెల్లులు బాగుండి ఒకటి చాలా తక్కువ చూపితే ఆ ఒక్క సెల్లే మిగతా ఐదింటినీ కిందికి లాగుతుంది. 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలూ ఒకే వయసువై ఉండాలి. ఒకటి పోయిందని ఒక్కదాన్నే మార్చడం పొదుపులా కనిపిస్తుంది కానీ, పాతది కొత్తదాన్ని కూడా త్వరగా పాడు చేస్తుంది.

బ్యాటరీ బాగానే ఉన్నా సెల్ఫ్ ఈడిస్తే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. టెర్మినళ్ల మీద తెల్లటి, ఆకుపచ్చటి పొక్కు, లోపల సగం తెగిన లావు వైరు, అన్నిటికంటే ఎక్కువగా ఎర్త్. ఛాసిస్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే అల్లిక పట్టీ తుప్పు పట్టినా, బోల్టు కింద రంగు పూసినా కరెంటు తిరిగి రావడానికి దారి ఇరుకవుతుంది. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్ దిమ్మకూ మధ్య వోల్ట్ మీటర్ పెట్టాలి. అర వోల్టు మించి చూపితే తప్పు ఎర్త్‌దే. సెల్ఫ్ కొట్టగానే ఏదైనా వైరు చివర చేతికి కాలిందంటే మీటర్ కూడా అక్కర్లేదు. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్షులు, బుష్షులు, సొలెనాయిడ్ కాంటాక్టులు చూడాలి. ఏ పరీక్షలోనైనా సెల్ఫ్‌ను ఒక్కసారికి పది పదిహేను సెకన్లకు మించి కొట్టకూడదు, మధ్యలో నిమిషమైనా ఆగాలి. బ్యాటరీ కోలుకుంటుంది, మోటారు తీగలు చల్లారుతాయి. పట్టు వదలకుండా కొట్టిన సెల్ఫ్ కాలిపోతే మొదటి రోగం అలాగే ఉండి రెండోది తోడవుతుంది.

ఆయిల్ సంగతి చాలామందికి తట్టదు. అరిగిన ఇంజిన్ ఆయిల్ తాగుతోందని చిక్కటి ఎస్‌ఏఈ 40, 50 రకాలు పోయడం పాత అలవాటు. పగలు అది పని చేస్తుంది. చలి పొద్దున మాత్రం ఆ ఆయిల్ క్రాంకు షాఫ్టును పట్టి ఆపుతుంది. 15డబ్ల్యూ-40 వంటి రెండంకెల ఆయిల్ చలిలో మరీ చిక్కబడకుండా, వేడిలో మరీ పలచబడకుండా ఉండేలా చేసిందే. చలి ప్రాంతాలకు తిరిగే బండికి అది పోస్తే కొన్నిసార్లు మరే రిపేరూ అక్కర్లేకపోవచ్చు.

ఇంజిన్ చురుగ్గా తిరుగుతోంది, అయినా అందుకోవడం లేదంటే రెండో పరీక్ష కంటిది. క్లీనర్ సైలెన్సర్ దగ్గర నిలబడాలి. పొగ అసలు రాకపోతే డీజిల్ సిలిండరులోకి చేరడం లేదు. తెల్లటి పొగ వచ్చి, కళ్లు మండి, డీజిల్ వాసన కొడితే డీజిల్ చేరుతోంది, అంటుకోవడం లేదు. ఈ రెండు దారులూ ఎక్కడా కలవవు. ఒకటి ట్యాంకు వైపు, ఇంకొకటి ఇంజిన్ లోపలికి పోతుంది. నల్ల పొగ చలి రోజుల్లో అరుదు, అది కనిపిస్తే ముందు ఎయిర్ క్లీనర్ విప్పాలి. తెల్ల పొగలో డీజిల్ వాసన లేకుండా నీటి ఆవిరిలా తేమగా ఉండి, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఆ పరిస్థితిలో సెల్ఫ్ కొడుతూ పోవడం ప్రమాదం: సిలిండరులో నీళ్లు నిలిచి ఉంటే నొక్కుడుకు లొంగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

పొగ రానప్పుడు నామోషీ అనుకోకుండా మొదట చూడవలసినది ఇంజిన్ ఆపే స్టాప్ కేబుల్. రాత్రి లాగిన కేబుల్ తుప్పుకో మట్టికో బిగుసుకుని తిరిగి వెనక్కి రాకపోతే పంపు మూసుకునే ఉంటుంది. డ్రైవరు క్యాబిన్లో నాబ్ లోపలికి తోసినా పంపు దగ్గర లివర్ కదిలి ఉండకపోవచ్చు. బానెట్ ఎత్తి చేత్తో కదిపి చూడాలి. మెకానిక్‌ను పిలిపించి గంటసేపు వెతికించాక ఇది బయటపడితే మాట్లాడటానికి ఎవరికీ ఏమీ ఉండదు.

తర్వాత గాలి. పాత లారీల పొద్దుటి మొండితనంలో సింహభాగం ఇదే, చలితో దీనికి సంబంధం దాదాపు లేదు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్ పీలుడు మీద వస్తుంది. అక్కడ చిల్లి ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళుతుంది. అందుకే కింద నేల పొడిగా ఉంటుంది, లీకు లేదని డ్రైవరు నమ్ముతాడు. బండి నడుస్తున్నంతసేపూ ఫీడ్ పంపు ఆ కొద్ది గాలినీ నెట్టేస్తుంది. రాత్రి ఆగాక ఆ చిల్లిలోంచి గాలి మెల్లగా దూరి, పైపులోని డీజిల్ ట్యాంకులోకి దిగిపోతుంది. ఫీడ్ పంపులోని వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా ఇదే ఫలితం. ట్యాంకులో డీజిల్ తక్కువ ఉన్న రోజు ఇబ్బంది ఎక్కువైతే ఈ అనుమానం గట్టిపడుతుంది. తేల్చుకోవడం తేలిక: పొద్దున సెల్ఫ్ కొట్టకముందే ఫీడ్ పంపు మీద ఉండే చేతి పంపును గట్టిపడేదాకా కొట్టాలి. ఆ తర్వాత బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే దోషం లైనుదే, ఇంజిన్‌ది కాదు. ఎక్కడ దూరుతోందో చూడటానికి పీలుడు పైపు మధ్యలో మూరెడు పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు పెడితే బుడగలు కంటికి కనిపిస్తాయి. బుడగలు ట్యూబులో కనిపిస్తుంటే లోపం ట్యూబుకు ట్యాంకు వైపు ఉంది. సాధారణంగా దొరికే దొంగలు పగుళ్లు వారిన రబ్బరు గొట్టం, రెండోసారి వాడిన రాగి వాషర్లు, ట్యాంకు లోపలి గొట్టానికి పడిన సన్నటి చిల్లి. రాగి వాషరు రూపాయల్లో వస్తుంది. పాతదాన్నే మళ్లీ బిగించే పిసినారితనానికి మాత్రం అర్థం లేదు.

గాలి పట్టిన లైను నుంచి ఎయిర్ తీయడానికి వరుస ఉంది. ముందు మొదటి ఫిల్టర్ స్క్రూ, తర్వాత రెండోది, తర్వాత పంపు మీది స్క్రూ. ఒక్కోదాన్నీ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, నురుగు పోయి డీజిల్ నిండుగా వచ్చాక బిగించాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ పైపుల నట్లు కాస్త వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. నాజిల్ తెరుచుకునే పీడనం 200 బార్ ప్రాంతంలో ఉంటుంది. అంత వేగంతో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే కనిపించినా అది ఆస్పత్రికి పరుగెత్తవలసిన గాయం. ఆ దగ్గర వేలు పెట్టి చూసే అలవాటును ఏ మేస్త్రీ కూడా కుర్రాళ్లకు నేర్పకూడదు. ఫిల్టర్ల అడుగున చేరిన నీటిని ఇదే సందులో వదిలేయాలి, ముఖ్యంగా వానాకాలం ముగిశాక.

డీజిల్ గడ్డకట్టడం గురించి మాటలు చాలా వినిపిస్తాయి కానీ తెలుగు నేల మీద అది జరిగే అవకాశం బహు తక్కువ. డీజిల్లో కరిగి ఉండే మైనం చలికి పలుకులు కట్టి ఫిల్టరును మూసేస్తుంది. ఎంత చలిలో ఫిల్టరు మూసుకుపోతుందో దానికి భారతీయ ప్రమాణం చలికాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు గరిష్ఠ హద్దుగా పెట్టింది. కనుక ఈ చిక్కు వచ్చేది ఉత్తరాదికి, ముఖ్యంగా జమ్మూ దాటి పైకి వెళ్లే లారీలకే. దక్షిణాదిలో ట్యాంకు నిండా కొట్టించుకుని కొండ ఎక్కడం కంటే, చలి ప్రాంతంలోని బంకులోనే నింపుకోవడం మేలు. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా జారుడు పోని చలికాలపు డీజిల్‌ను విడుదల చేసింది. అది రాకముందు కిరోసిన్ కలపడం రివాజు. కిరోసిన్‌కు నూనె గుణం తక్కువ. పంపు ఎలిమెంట్లకు డీజిల్ తప్ప వేరే ఆయిల్ అందదు కాబట్టి ఆ మిశ్రమం వాటిని అరగదీస్తుంది. నీలం రంగు రేషన్ కిరోసిన్ అయితే అది నేరం కూడా.

తెల్ల పొగ వస్తూ అందుకోని ఇంజిన్‌కు తాత్కాలిక సాయాలు ఉన్నాయి. ఈ తరం పంపుల్లో చాలావాటికి స్టార్ట్ చేసేటప్పుడు రేస్ పూర్తిగా తొక్కితే మామూలు కంటే ఎక్కువ డీజిల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. అందుకోగానే కాలు తీయాలి. వేడినీళ్లు రేడియేటర్లో పోయడం పల్లెటూరి వైద్యంగా కనిపించినా శాస్త్రానికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే వేడిని మింగేది సిలిండరు గోడలే. మరిగే నీళ్లు మాత్రం పోయకూడదు, హెడ్ పగులుతుంది. ఎయిర్ క్లీనర్ మూతి దగ్గర డీజిల్ గుడ్డ వెలిగించడం రోడ్ల మీద తరచూ కనిపించేదే. గాలి వెచ్చబడుతుంది నిజమే. గుడ్డ పీలిక లోపలికి పోయినా, మంట ఎయిర్ క్లీనర్‌కు అంటుకున్నా నష్టం బండంతా. స్టార్టింగ్ స్ప్రే ఇంకా ప్రమాదం. అందులోని ఈథర్ 200 డిగ్రీల లోపే అంటుకుంటుంది, పిస్టన్ పైకి చేరకముందే పేలి రింగులను విరుస్తుంది. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్లో దాన్ని అసలు వాడకూడదు. స్ప్రే లేకుండా అందుకోని స్థితికి వచ్చిన ఇంజిన్‌కు వెంటనే చేయించవలసింది కంప్రెషన్ పరీక్ష.

పల్లం చూసి బండి నిలపడం, పొద్దున గేరులో వదిలి అందుకోవడం డ్రైవర్ల చాతుర్యమే. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకుకు గాలి సాయం ఉండదన్న సంగతి మరిచిపోయినప్పుడే అది చాతుర్యం కాకుండా పోతుంది.

చివరగా మిగిలేవి నాజిళ్లు, టైమింగ్, కంప్రెషన్. ఇవన్నీ విప్పితే గానీ తేలనివి, ఖర్చుతో కూడినవి, అందుకే చివర. నాజిల్ తుంపర కొట్టకుండా చుక్కలు కారిస్తే చల్లటి గాలిలో అది అంటుకోదు. టెస్టింగ్ స్టాండు మీద ఒక్కో నాజిలూ కొట్టి చూస్తే అర నిమిషంలో తెలుస్తుంది. ఎలాగో స్టార్టయి కుంటుతున్న ఇంజిన్‌లో ఏ సిలిండరు చచ్చిందో చెప్పడానికి ఎగ్జాస్ట్ మానిఫోల్డు కొమ్మల మీద నీటి చుక్కలు వేస్తారు. చుయ్‌మననిది పని చేయడం లేదు. పంపు కప్లింగ్ జారి టైమింగ్ వెనకపడితే డీజిల్ ఆలస్యంగా, పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు చేరుతుంది, అదే తెల్ల పొగ. ట్యాపెట్ గ్యాప్ బొత్తిగా లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, నొక్కిన గాలి అటు నుంచి పోతుంది. ట్యాపెట్లు సరిచేయడం గంట పని కాబట్టి బోరు గురించి మాట్లాడేముందు అది చేసి తీరాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, బ్రీదర్ పైపులోంచి పొగ దట్టంగా తన్నుకొస్తూ, ఆయిల్ తగ్గుతూ, వేడెక్కాక మాత్రం బండి మామూలుగా లాగుతుంటే, రింగులూ లైనర్లూ అరిగాయి. వేడిలో పిస్టన్ ఉబ్బి, సందులు మూసుకుని ఆ అరుగుదల దాగుతుంది. చలిలో సందులు తెరుచుకుని బయటపడుతుంది. కంప్రెషన్ గేజ్ పెట్టి ఆరు సిలిండర్లూ చూస్తే, అన్నీ ఒకే తీరున తగ్గాయా, ఒకటి రెండే పడిపోయాయా తెలుస్తుంది. ఒకటి రెండే అయితే వాల్వులో గ్యాస్కెటో కావచ్చు, హెడ్ దించితే సరిపోతుంది. అన్నీ తగ్గితే లైనర్, పిస్టన్, రింగుల సెట్టు మార్చక తప్పదు, ఆలస్యం చేసిన కొద్దీ క్రాంకు దాకా పోతుంది.

అందుకున్న ఇంజిన్‌ను వెంటనే రేస్ చేయకూడదు. చల్లటి ఆయిల్ పైన రాకర్ల దాకా చేరడానికి కాస్త సమయం కావాలి. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఐడిల్‌లో ఉంచి, తర్వాత తేలికగా రోడ్డెక్కితే నడకలోనే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. షెడ్‌లో అరగంట ఐడిల్ మీద వదిలేయడం వల్ల సిలిండర్లు సరిగా వేడెక్కకపోగా, మండని డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. తెల్ల పొగ రెండు మూడు నిమిషాల్లో పోతే సరే. రోడ్డెక్కి కిలోమీటర్లు నడిచాక కూడా పోకపోతే నాజిళ్లు స్టాండు మీదికి వెళ్లాలి.